‘నాకు తెలియదు’ అనే సాక్ష్యం

హిట్లర్ చివరి రోజుల మీద ఆలివర్ హిర్ష్‌బీగల్ తీసిన జర్మన్ సినిమా ‘డెర్ ఉంటర్‌గాంగ్’ 2004లో విడుదలైంది. మనలో చాలామందికి అది ‘డౌన్‌ఫాల్’ అన్న ఇంగ్లీషు పేరుతోనే పరిచయం. ఆ సినిమా మీద జరిగిన చర్చ ఎక్కువగా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. హిట్లర్‌ని మనిషిగా చూపించవచ్చా? బ్రూనో గాంట్స్ నటనలో వణికే చెయ్యి, కుక్క మీద ప్రేమ, ఆడవాళ్లతో మర్యాద చూసి ప్రేక్షకుడికి అతని మీద జాలి కలగదా? అవసరమైన ప్రశ్నే. కానీ ఈ కథను మనకు చూపిస్తున్నది ఎవరి కళ్లు అన్న ప్రశ్న నన్ను దానికంటే ఎక్కువగా వెంటాడింది. ఆ కళ్లు ఒక స్త్రీవి. ఇరవై రెండేళ్ల వయసులో హిట్లర్ దగ్గర కార్యదర్శిగా చేరిన ట్రౌడల్ యుంగెవి.

ఈ సినిమాలో అందరికీ గుర్తుండే దృశ్యం ఒకటుంది. బెర్లిన్‌ను కాపాడాల్సిన దాడి జరగనేలేదని తెలిసి హిట్లర్ తన సైన్యాధికారుల మీద విరుచుకుపడతాడు. కొద్దిమంది తప్ప మిగిలినవాళ్లంతా గది బయటికి వచ్చేస్తారు. తలుపు మూసుకుంటుంది. నడవాలో నిలబడ్డవాళ్లకి లోపలి అరుపులు వినబడుతూ ఉంటాయి. వాళ్లలో కార్యదర్శులూ ఉన్నారు. ఒకామె ఏడుస్తూ ఉంటే యుంగె ఆమెను ఊరడిస్తుంది. ఎన్నో భాషల్లో తమాషా సబ్‌టైటిల్స్ తగిలించుకుని లోకమంతా తిరిగిన దృశ్యం ఇది. నవ్వుకోవడానికి చూసినవాళ్లకి తలుపు బయటి ఆడవాళ్లు కనిపించి ఉండకపోవచ్చు. నాకు మాత్రం సినిమా మొత్తం ఆ తలుపు దగ్గరే ఉందనిపిస్తుంది. నిర్ణయాలు లోపల జరుగుతాయి. స్త్రీలు బయట ఉండి వింటారు, ఏడుస్తారు, ఒకరినొకరు ఓదార్చుకుంటారు. కాబట్టి వాళ్లకి బాధ్యత లేదు. సినిమా ఈ మాట ఎక్కడా నోటితో అనదు. కెమెరాని ఎక్కడ నిలబెట్టాలో ఎంచుకోవడంతోనే అనేస్తుంది.

యుంగె 1920లో మ్యూనిక్‌లో పుట్టింది. నాట్యకారిణి కావాలన్నది ఆమె కోరిక. 1942 చివర్లో తూర్పు ప్రష్యాలోని హిట్లర్ స్థావరానికి, కార్యదర్శి ఉద్యోగం కోసం వెళ్లిన కొద్దిమంది అమ్మాయిల్లో ఒకరిగా వెళ్లింది. సినిమా అక్కడే మొదలవుతుంది. భయంతో టైపు తప్పులు కొట్టిన అమ్మాయితో హిట్లర్ కోప్పడకుండా, మళ్లీ మొదలుపెడదాం అంటాడు. ఆ మెత్తదనం నిజమే అయి ఉండాలి. యుంగె జ్ఞాపకాలన్నిటిలోనూ అతను తండ్రిలాంటి యజమానే. తండ్రి లేకుండా పెరిగిన తనకి ఆ ఆదరణ ఎలా పట్టిందో ఆమె దాచుకోలేదు. 1943లో హిట్లర్ సేవకబృందంలోని హాన్స్ యుంగెని పెళ్లాడింది. మరుసటి ఏడు అతను నార్మండీలో చనిపోయాడు.

యుద్ధం అయ్యాక, 1947-48 ప్రాంతంలో ఆమె తన అనుభవాలు రాసి పెట్టుకుంది. ఆ రాతప్రతి అర్ధశతాబ్దం దాటాక, 2002లో, మెలిస్సా ముల్లర్ సహకారంతో పుస్తకంగా వచ్చింది. అదే ఏడాది ఆంద్రే హెల్లర్, ఒట్మార్ ష్మిడరర్ ఆమెతో తీసిన డాక్యుమెంటరీ బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. అందులో పాత ఫుటేజీ లేదు, సంగీతం లేదు. ఒక వృద్ధురాలు కూర్చుని మాట్లాడుతూ ఉంటుంది, అంతే. ఆ ప్రదర్శన జరిగిన కొన్ని గంటలకే ఆమె చనిపోయింది. దాని జర్మన్ పేరుకి అర్థం, బండి నడిపేవాడికి అద్దంలో కనబడకుండా పోయే మూల అని. అన్ని వార్తలూ వచ్చి చేరే చోట కూర్చుని కూడా ఏమీ కనబడని మూలలో ఉండిపోయానని ఆమె వాదన. ‘డౌన్‌ఫాల్’కి యోఆహిమ్ ఫెస్ట్ చరిత్ర పుస్తకంతో పాటు యుంగె జ్ఞాపకాలూ ఆధారం. సినిమా మొదట్లోనూ చివర్లోనూ ఆ డాక్యుమెంటరీలోని నిజమైన యుంగె కనిపిస్తుంది.

స్త్రీవాద పరిశోధకులుగా మనం నేర్చుకున్న మొదటి పాఠం స్త్రీల గొంతు వినడం. స్త్రీ శక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తర్వాత తెలుగులో ఈ విషయం మళ్లీ వివరించాల్సిన పని లేదు. పోరాటాల చరిత్రలో పేర్లే లేకుండా పోయిన స్త్రీలు తమ మాటల్లో చెప్పుకున్నప్పుడు చరిత్ర రూపురేఖలే మారిపోయాయి. అయితే ఆ పద్ధతి అణచివేతకు ఎదురు నిలిచిన స్త్రీల దగ్గర రూపుదిద్దుకున్నది. అధికారం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న స్త్రీ గొంతుని ఎలా వినాలి? ఆమె అనుభవమూ అనుభవమే. ఆమె మౌనమూ మౌనమే. కానీ ఆ మౌనం ఎవరికి పనికొచ్చింది?

యుంగె చేసిన పని ఏమిటో ఒకసారి చూద్దాం. 1945 ఏప్రిల్ 28 రాత్రి దాటి 29 తెల్లవారుతుండగా హిట్లర్ తన రాజకీయ మరణశాసనాన్నీ వ్యక్తిగత వీలునామానీ ఆమెకే చెప్పి రాయించాడు. ఇంత వినాశనం ఎందుకు జరిగిందో ఇప్పుడైనా చెబుతాడని ఆమె ఎదురుచూసిందట. పాత మాటలే వచ్చాయి. యుద్ధానికి యూదులే కారణమన్న అదే ద్వేషం. ఆమె షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, టైపు చేసి ఇచ్చింది. ఆ కాగితాల మీద సాక్షుల సంతకాలన్నీ మగవాళ్లవే. టైపు చేసిన చేతికి సంతకం ఉండదు. ఇంటిపనిలాగే ఆఫీసులో ఆడవాళ్ల పని కూడా కనబడదని మనం ఎన్నోసార్లు రాశాం. ఇక్కడ ఆ కనబడకపోవడమే ఆమెకు రక్ష అయింది. నాజీ గతం ఉన్నవాళ్ల మీద జరిగిన విచారణలో ఆమె 1947లో, ‘వెంట నడిచిన చిన్నవయసు మనిషి’ లెక్కన తేలిగ్గా బయటపడింది.

ఆ బంకర్‌లో ఇంకా స్త్రీలున్నారు. హిట్లర్‌తో పెళ్లి పత్రం మీద సంతకం పెడుతూ ఎవా బ్రౌన్ అలవాటు కొద్దీ ‘బి’ అక్షరం మొదలుపెట్టి, దాన్ని కొట్టేసి ‘హిట్లర్’ అని రాసింది. ఆ ఇంటిపేరుతో ఆమె బతికింది రెండు రోజులు కూడా లేదు. మాగ్దా గోబెల్స్ గురించి తలచుకోవడం ఇంకా కష్టం. నాజీ రాజ్యం తల్లితనాన్ని పూజించింది. నలుగురు పిల్లల్ని కన్న ‘యోగ్యురాలి’కి కంచు పతకం, ఆరుగురికి వెండి, ఎనిమిది మందికి బంగారం. అదే రాజ్యం 1933 చట్టంతో దాదాపు 4 లక్షల మందికి బలవంతపు సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేయించింది. ఎవరు కనాలో ఎవరు కనకూడదో రాజ్యమే తేల్చింది. హిట్లర్ లేని లోకంలో పిల్లలు బతకడం అనవసరమని మాగ్దా పెద్ద కొడుక్కి ఉత్తరం రాసింది. నాలుగు నుంచి పన్నెండేళ్ల లోపు ఆరుగురు పిల్లలు మే 1న విషంతో చనిపోయారు. కొరిన్నా హార్‌ఫూష్ నటించిన ఆ దృశ్యంలో తల్లి ఒక్కొక్క బిడ్డ దుప్పటీ సర్దుతూ మంచం నుంచి మంచానికి నడుస్తుంది. సినిమాలో అంతకంటే భయంకరమైనది మరొకటి లేదు. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. స్త్రీలు నాజీలు కాగలరన్న నిజాన్ని సినిమా అంతా ఈ ఒక్క ‘రాక్షస తల్లి’ మీద పోసేస్తుంది. అమె పక్కన నిలబెడితే పెద్ద కళ్ల యుంగె మరింత అమాయకంగా కనబడుతుంది. ఒకరు మరీ చెడ్డ, ఒకరు మరీ మంచి. మన పాత సినిమాల్లోని లెక్క ఇది.

మగపాత్రల విషయంలోనూ సినిమా ఇదే చేసింది. అందులో దయగల వైద్యుడిగా కనిపించే ఎర్నెస్ట్ షెంక్‌కి మౌథాసెన్ ఖైదీల మీద జరిగిన ఆహార ప్రయోగాలతో సంబంధం ఉందని చరిత్రకారులు గుర్తుచేశారు. బతికి బయటపడి జ్ఞాపకాలు చెప్పుకున్నవాళ్లు తెర మీద కాస్త శుభ్రపడతారు. ఈ సినిమాకి తనదంటూ ఒక దృక్కోణం లేదని దర్శకుడు విమ్ వెండర్స్ అప్పట్లోనే విమర్శించాడు. దృక్కోణం ఉందనే నా అభిప్రాయం. అది ‘నాకు తెలియదు’ అన్న దృక్కోణం.

తెలియదన్న మాటకి జవాబు చివరికి యుంగే చెప్పింది. న్యూరెంబర్గ్ విచారణల్లో బయటపడ్డ ఘోరాలకు తాను చలించిపోయినా, వాటిని తన గతంతో ముడిపెట్టుకోలేదని ఒప్పుకుంది. తర్వాతెప్పుడో మ్యూనిక్‌లో సోఫీ షోల్ స్మారక ఫలకం ముందు నుంచి వెళుతూ ఆగింది. ఆ అమ్మాయిది తన ఈడేననీ, తాను హిట్లర్ దగ్గర చేరిన ఏడే ఆమెను చంపేశారనీ అప్పుడు మనసుకి తగిలింది. చిన్నవయసు సాకు కాదనీ, తెలుసుకోవాలనుకుంటే తెలిసేదనీ అర్థమైందంది. నిజానికి సోఫీ ఆమె కంటే ఏడాది చిన్న. 1943 ఫిబ్రవరి 18న మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో కరపత్రాలు పంచుతూ పట్టుబడింది. 22న తల తీశారు. ఆ ‘తెల్ల గులాబీ’ బృందం 1942 వేసవిలో వేసిన రెండో కరపత్రంలోనే, పోలండ్‌లో 3 లక్షల మంది యూదుల్ని చంపేశారని రాసి ఉంది. అంటే యుంగె ఇంటర్వ్యూకి బయలుదేరే నాటికే, ఆమె ఊళ్లోనే, ఆమె ఈడు వాళ్లకే ఆ సంగతి తెలుసు. తెలిసిన దాన్ని కాగితం మీద పెట్టి పంచారు. ఒకే ఊరి ఇద్దరమ్మాయిల చేతుల్లోనూ కాగితాలే ఉన్నాయి.

ఆ ఒప్పుకోలు సినిమా చివర్లో వస్తుంది. రెండున్నర గంటల కథ ఆమెని అమాయకురాలిగా చూపించేశాక వస్తుంది. దానికి ముందు దృశ్యంలో యుంగె ఒక కుర్రవాడి చెయ్యి పట్టుకుని సోవియట్ సైనికుల మధ్య నుంచి నడిచి బయటపడుతుంది. ఒక సైనికుడు ఆమెను తేరిపార చూస్తాడు, అంతే. తర్వాత ఆ ఇద్దరూ సైకిలెక్కి ఎండలో సాగిపోతారు. నిజమైన యుంగె సోవియట్ సైన్యానికి చిక్కి, బందీగా గడిపి, 1946లో గాని మ్యూనిక్ చేరలేదు. ఇక ఆ వారాల్లో బెర్లిన్‌లో అత్యాచారాలకు గురైన స్త్రీలు లక్ష మంది దాకా ఉంటారని అంచనాలు చెబుతున్నాయి. ఆ స్త్రీలు ఈ సినిమాలో లేరు.

వాళ్ల గొంతు మరో పుస్తకంలో ఉంది. ‘బెర్లిన్‌లో ఒక స్త్రీ’ అన్న ఆ డైరీ 1945 ఏప్రిల్ 20న మొదలవుతుంది. బంకర్‌లో హిట్లర్ చివరి పుట్టినరోజు జరిగింది ఆ రోజే. కిందటి నేలమాళిగల్లో ఆడవాళ్ల ఆకలి, భయం, అత్యాచారాలు, ఒక అధికారి రక్షణ కోసం ఒంటితో చేసుకున్న బేరం, అన్నీ ఆమె ఏడుపు లేకుండా రాసింది. 1954లో ఇంగ్లీషులో, 1959లో జర్మన్‌లో వచ్చింది. జర్మన్ స్త్రీల పరువు తీసిందని ఆమెనే తిట్టారు. తాను బతికుండగా మళ్లీ అచ్చు వేయొద్దంది. ఆమె పోయాక 2003లో వచ్చిన కొత్త ముద్రణ విపరీతంగా అమ్ముడైంది. వెంటనే ఒక పత్రికా రచయిత ఆమె పేరు బయటపెట్టాడు. ఆమె వద్దనుకున్న ఆ పేరు నేనిక్కడ రాయను. ఆ రచయిత్రి కూడా నాజీల కాలంలో పత్రికా రచన చేసిన మనిషే, మచ్చలేని మనిషేం కాదు. కానీ తాను కూడా ఆ గాలి పీల్చుకునే బతికానని డైరీలోనే తనను తాను నిలదీసుకుంటుంది. ఆమెకు జరిగిన హింస నిజం. ఆమె నిలబడ్డ చోటు కూడా నిజం. ఆమె ఒకదానితో రెండోదాన్ని చెరపలేదు.

ఈ రెండిటినీ కలిపి పట్టుకోవడం స్త్రీవాద చరిత్రకారులకీ సులువు కాలేదు. బలవంతపు శస్త్రచికిత్సల మీద పనిచేసిన గిజెలా బాక్ నాజీ రాజ్యం స్త్రీలపై చేసిన హింసను ముందు పెట్టింది. క్లాడియా కూన్జ్ 1987లో వచ్చిన తన పుస్తకంలో, ఇంటిని చక్కదిద్దుతూనే స్త్రీలు ఆ రాజ్యాన్ని నిలబెట్టారని వాదించింది. ఇద్దరి మధ్యా నడిచిన వాదం ఏళ్ల తరబడి సాగింది. 2013లో వెండీ లోయర్, ఆక్రమిత తూర్పు ప్రాంతాలకు వెళ్లిన నర్సులు, టీచర్లు, కార్యదర్శుల కథలు బయటికి తెచ్చింది. ఊచకోతల ఉత్తర్వులు టైపు చేసింది ఆ కార్యదర్శులే.

న్యాయస్థానం ఆ మాట అనడానికి ఇంకా ఆలస్యమైంది. స్టట్‌హోఫ్ నిర్బంధ శిబిరంలో కమాండెంట్ దగ్గర 1943 నుంచి 1945 దాకా టైపిస్టుగా పనిచేసిన ఇర్మ్‌గార్డ్ ఫుర్ష్‌నర్‌ని 2022 డిసెంబరులో ఇట్జెహో కోర్టు దోషిగా తేల్చింది. పదివేలకు పైగా హత్యలకు సహకరించిందన్నది నేరం. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆమెకు 18, 19 ఏళ్లు కాబట్టి, 97 ఏళ్ల మనిషిని బాలనేరస్తుల కోర్టులో విచారించారు. రెండేళ్ల శిక్ష, అదీ జైలుకి వెళ్లనక్కర్లేకుండా. 2024లో పై కోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. 2025లో ఆమె చనిపోయింది. ముసలామెని శిక్షించి ఏం లాభం అన్నవాళ్లున్నారు. నాకు ఆ రెండేళ్ల లెక్క ముఖ్యం కాదు. ఉత్తరాలు టైపు చేయడం కూడా ఒక పనే, ఆ పని లేకుండా హత్యాయంత్రం నడవదని ఒక తీర్పులో అచ్చయింది. అది ముఖ్యం.

స్త్రీల శ్రమకు విలువ కట్టమని అడిగేవాళ్లం మనం. ఆ విలువ మెచ్చుకోలుకే కట్టి, బాధ్యత దగ్గరికొచ్చేసరికి ‘పాపం, చెప్పింది రాసింది’ అనలేం. అలా అంటే స్త్రీకి సొంత బుద్ధి లేదన్న పితృస్వామ్యపు మాటనే మనమూ అన్నట్టు. యుంగెని ద్వేషించాలని నేననడం లేదు. తన చిన్నతనాన్ని తానే క్షమించుకోలేకపోయిన మనిషి ఆమె, సినిమా చూపిన అమాయకురాలి కంటే చాలా పెద్దది. ఆమె సాక్ష్యంలో నేను నమ్మేది తలుపు బయట విన్న అరుపుల గురించి చెప్పిన మాటల్ని కాదు. ఆ ఫలకం ముందు ఆగాక చెప్పిన మాటల్ని.