బేగం బజారు ఇళ్ళూ, అద్దె తుపాకులూ

మా మేనమామకు బేగం బజారులో స్టీలు పాత్రల టోకు దుకాణం ఉంది. కింద కొట్టు, పైన కాపురం. ఆ మధ్య వారి వీధి చివర ఒక ఇంట్లో దొంగలు పడ్డారు. మర్నాడే నన్ను పిలిపించి, "పుస్తకాలు తిరగేస్తుంటావు కదరా, ఇంటి కాపలాకు ఏ తుపాకి మంచిదో చెప్పు" అన్నారు. నేను తుపాకి పట్టి ఎరగను. నాకు తెలిసిన తోవ చరిత్ర ఒక్కటే. ఆయనకు నోటితో చెప్పినదాన్ని ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను.

రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ బేగం వర్తకులకు ఇచ్చిన స్థలం కనుక ఈ బజారుకు ఆ పేరు వచ్చిందంటారు. ఇది మూసీకి ఉత్తరాన, నగరపు కోటగోడకు బయట ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి గోసాయిలు, మార్వాడీ సాహుకార్లు సర్కారుకే అప్పులిచ్చినవారు. గోడ బయట ఉన్నవాడి రక్షణ వాడిదే. అందుకే మందపాటి గోడలు, బరువైన తలుపులు, లోపల చావడి. గుమ్మంలో జీతానికి కుదిరిన అరబ్బో, రోహిల్లావో.

ఆ కాపలాదారు చేతిలో ఉండేది మూతినుంచి మందూ గుండూ దట్టించే తుపాకి. మన పల్లెల్లో తరవాతి కాలంలో భర్మార్ అన్నది ఆ రకమే. ఒక్కసారి పేలిందంటే మళ్ళీ దట్టించేదాకా అది కర్రతో సమానం. అందుకే అరబ్బు నడుమున జంబియా కూడా ఉండేది.

చిక్కు ఆయుధంలో లేదు, అది పట్టిన చేతిలో ఉంది. కాపలాకు వచ్చినవారిలో కొందరు తామే వడ్డీ వ్యాపారులయ్యారు. బాకీదారులను సొంత చెరల్లో నిర్బంధించేవారు. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగు ఆ అలవాటును అణచడానికి ఏళ్ళ తరబడి శ్రమపడవలసివచ్చింది.

1857 జూలై 17న ఇంకొక సంగతి తేటతెల్లమయింది. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో రోహిల్లాలు బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి వెళ్ళారు. అదే తరవాత కోఠీ మహిళా కళాశాలగా మనం ఎరిగిన భవనం. బేగం బజారుకు దగ్గరలోని పుత్లీబౌలి వైపున రెసిడెన్సీకి ఎదురుగా అబ్బన్ సాహెబ్, జయగోపాల్ దాస్ అనే ఇద్దరు సాహుకార్ల ఇళ్ళుండేవి. తిరుగుబాటుదారులు వాటిలో చొరబడి, రాత్రంతా అక్కడినుంచే కాల్పులు జరిపారు. ఫిరంగుల ధాటికి తెల్లవారేసరికి వెనుదిరిగారు. తుర్రెబాజ్ ఖాన్‌ను 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. ఆయన వీరత్వం వేరే కథ, గొప్ప కథ. కాని ఇంటి యజమాని వైపునుంచి చూడండి. ప్రాణరక్షణకని కట్టుకున్న దిట్టమైన ఇల్లు ఒక్క రాత్రిలో పరాయివారి కోట అయిపోయింది.

ఇక మామయ్య ప్రశ్న. 1959 నాటి ఆయుధాల చట్టం ఒక సంగతి స్పష్టంగా చెప్పింది. గొట్టం 20 అంగుళాలకు తగ్గకుండా, లోపల మెలిక గాడులు లేకుండా నున్నగా ఉండే తుపాకిని రక్షణకో క్రీడకో కోరే పౌరుడికి, వేరే అభ్యంతరం లేకపోతే, లైసెన్సు ఇవ్వాలి. రివాల్వరుకూ రైఫిలుకూ అయితే తగిన కారణం ఉందని అధికారికి తోచాలి. బ్యాంకు గుమ్మాల్లో మనం చూసిన జంటగొట్టాల 12 బోరు ఆ మొదటి జాతిదే. పౌను సీసంతో సమానమైన 12 గుండ్లు పోస్తే ఒక్కొక్క గుండు వ్యాసం ఎంతో, ఆ గొట్టం లోపలి వ్యాసం అంత. పేరు అలా వచ్చింది.

గుళ్ళు చెదిరిపోతాయి కనుక దానికి గురి అక్కరలేదని ఒక నమ్మకం ఉంది. అది తప్పు. గొట్టం దాటాక గుళ్ళు గజానికి అంగుళం చొప్పున విచ్చుకుంటాయని ఉజ్జాయింపు లెక్క. మామయ్య ఇంటి వసారా పొడవు ఆరు గజాలు. అంటే గుళ్ళన్నీ కలిసి జానెడు చోటులోనే పడతాయి. గురి తప్పితే చెక్క తలుపు దాటి, అవతల పడుకున్నవారికి తగలవచ్చు. అందుకే 2016 ఆయుధాల నియమావళి లైసెన్సు కోరేవారికి శిక్షణను విధిగా పెట్టింది. జాగ్రత్తగా పట్టుకోవడం, కాల్చడం, భద్రంగా దాచడం అందులో నేర్పుతారు. అవసరానికి మించి హాని చేయరాదన్న హద్దు 1860 నాటి శిక్షాస్మృతిలో ఉంది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమలైన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది.

ఇదంతా విని మామయ్య, "తూటాలు తీసి తాళం వేసి దాచాలంటావు. దొంగ వచ్చినప్పుడు చీకట్లో తాళంచెవి వెతుక్కోవాలా?" అన్నారు. తాళం వేయకపోతే ఏమవుతుందని అడిగాను. ఆయన బదులు చెప్పలేదు. చావడిలో ఆడుకుంటున్న మనవడి వైపు చూశారు.

లైసెన్సుకు ఆయన ఇంతవరకు దరఖాస్తు పెట్టలేదు. తాతల నాటి టేకు తలుపుకు విరిగిన అడ్డగడియ ఒకటి ఉండేది. దాన్ని మాత్రం ఆ వారమే వడ్రంగిని పిలిచి బాగుచేయించారు.