పాకిస్తాన్‌లో అల్పసంఖ్యాక మతాల వితంతువులకు సామాజిక సహాయం

పాకిస్తాన్‌లో అల్పసంఖ్యాక మతాలకు చెందిన వితంతువులు ప్రభుత్వ సహాయం పొందడానికి ప్రధానంగా రెండు అడ్డంకులు ఉంటూ వచ్చాయి. ఒకటి, జకాత్ నిధి ముస్లిములకు మాత్రమే వర్తించడం. రెండవది, వివాహాన్ని రుజువు చేసే పత్రం లేకపోవడం. మొదటిది చట్టంలోనే ఉన్నది. రెండవది ఏ చట్టంలోనూ వ్రాసి లేకపోయినా, ఆచరణలో హిందూ వితంతువులను ఎక్కువగా బాధించింది.

నేపథ్యం

2023 జనాభా లెక్కల ప్రకారం పాకిస్తాన్‌లో షెడ్యూల్డ్ కులాలతో కలిపి హిందువులు సుమారు 52 లక్షల మంది, క్రైస్తవులు సుమారు 33 లక్షల మంది ఉన్నారు. హిందువులలో అత్యధికులు సింధ్ రాష్ట్రంలో, ముఖ్యంగా థార్‌పార్కర్, ఉమర్‌కోట్, మీర్‌పూర్ ఖాస్ జిల్లాలలో నివసిస్తున్నారు. వీరిలో కోలీ, భీల్, మేఘ్‌వార్ కులాల వారు చాలామంది వ్యవసాయ కూలీలు.

సహాయ పథకాలు

* జకాత్: జనరల్ జియా ఉల్ హక్ పాలనలో, 1980లో జకాత్, ఉష్ర్ ఆర్డినెన్స్ జారీ అయింది. పేదలకు, ప్రత్యేకించి అనాథలకు, వితంతువులకు, వికలాంగులకు ఈ నిధి నుండి సహాయం అందుతుంది. లబ్ధిదారులు షరియత్ ప్రకారం అర్హులై ఉండాలి. అందువలన ముస్లిమేతరులకు ఇందులో చోటు లేదు.
* బైత్-ఉల్-మాల్: 1991 నాటి చట్టం ద్వారా ఏర్పడింది. మతంతో నిమిత్తం లేకుండా నిరుపేదలకు సహాయం చేస్తుంది.
* బేనజీర్ ఆదాయ సహాయ కార్యక్రమం: 2008లో ప్రారంభమైంది. మొదట్లో నెలకు 1000 రూపాయల చొప్పున పేద కుటుంబంలోని వివాహిత లేదా వితంతువు పేరిట చెల్లించేవారు. ఇందులో మతపరమైన నిబంధన లేదు గాని, జాతీయ గుర్తింపు కార్డు తప్పనిసరి.

పత్రాల సమస్య

జాతీయ గుర్తింపు కార్డులను 2000లో ఏర్పడిన 'నాద్రా' సంస్థ జారీ చేస్తుంది. వివాహిత కార్డులో భర్త పేరు నమోదు కావాలంటే వివాహ పత్రం చూపాలి. ముస్లిములకు నిఖానామా ఉంటుంది. క్రైస్తవులకు 1872 నాటి వివాహ చట్టం ఉన్నది. హిందూ వివాహాల నమోదుకు మాత్రం 2016 వరకు ఎక్కడా చట్టం లేదు. పురోహితుని సమక్షంలో, బంధువుల మధ్య జరిగిన పెళ్ళికి ప్రభుత్వ దస్తావేజు ఏదీ మిగిలేది కాదు.

భర్త జీవించి ఉన్నంతకాలం ఈ లోటు అంతగా బయటపడేది కాదు. అతడు మరణించిన తరువాత, తాను అతని భార్యనని నిరూపించుకోవలసిన భారం ఆమెపై పడేది. భార్యగా నమోదు కాని స్త్రీ వితంతువుగా కూడా నమోదు కాలేదు. నగదు సహాయమే కాక, భర్త పింఛను, ఆస్తి హక్కులు కూడా ఈ రుజువుపైనే ఆధారపడి ఉంటాయి.

చట్టాలు

2016 ఫిబ్రవరిలో సింధ్ శాసనసభ హిందూ వివాహ చట్టాన్ని ఆమోదించింది. 2018లో దీనిని సవరించి విడాకులకు, వితంతు పునర్వివాహానికి అవకాశం కల్పించారు. ఇస్లామాబాద్, పంజాబ్, ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా, బలూచిస్తాన్‌లకు వర్తించే హిందూ వివాహ చట్టం 2017 మార్చిలో దేశాధ్యక్షుని ఆమోదం పొందింది. దీని ప్రకారం కనీస వివాహ వయస్సు 18 సంవత్సరాలు. భర్త మరణించిన ఆరు నెలల తరువాత స్త్రీ తన ఇష్టప్రకారం మరల వివాహం చేసుకోవచ్చు. నిఖానామాకు సమానంగా 'శాదీ పరత్' అనే పత్రం అమలులోకి వచ్చింది.

అమలు

చట్టం వచ్చినంత మాత్రాన పత్రం చేతికి రాదు. నమోదు చేసే అధికారులను నియమించడానికి, పత్రం జారీ చేయడానికి నియమావళి అవసరం. ఇస్లామాబాద్ ప్రాంతానికి ఆ నియమావళి 2023లో గాని వెలువడలేదు. దశాబ్దాల క్రితం పెళ్ళి జరిగి, పురోహితుడు, సాక్షులు కూడా మరణించిన వృద్ధ వితంతువులకు రుజువు చూపడం మరింత కష్టం. చదువు లేకపోవడం, కార్యాలయాలు దూరంగా ఉండడం ఎడారి గ్రామాలలో ఈ కష్టాన్ని పెంచుతున్నాయి.

ఇవి కూడా చూడండి

* పాకిస్తాన్‌లో హిందూమతం
* జకాత్
* వితంతు పింఛను