పరీక్షలో మార్కు.. పల్లెలో ప్రాణం
అతిసారంపై నర్సింగ్‌ విద్యార్థులు అర్థం చేసుకుని చదవాల్సిన అంశాలు

పాప వయసు 10 నెలలు. బరువు 8 కిలోలు. ముందురోజు నుంచి నీళ్ల విరేచనాలు. చిరాకుగా ఏడుస్తోంది. కళ్లు లోతుకు పోయాయి. నీళ్లు చూపితే ఆత్రంగా తాగుతోంది. పొట్టపై చర్మాన్ని పట్టి వదిలితే నెమ్మదిగా సర్దుకుంటోంది. ఈ బిడ్డకు ఏ ద్రవం, ఎంత, ఎన్ని గంటల్లో ఇవ్వాలి?

ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్‌ విద్యార్థులకు, స్టాఫ్‌నర్సు కొలువులకు సిద్ధమయ్యేవారికి ఏదో ఒక రూపంలో ఎదురయ్యే ప్రశ్న ఇది. బజారులో దొరికే గైడ్లు దీనికి ఒక అక్షరాన్ని జవాబుగా ముద్రించి ఊరుకుంటాయి. ఆ అక్షరాన్ని బట్టీ పట్టి ఉద్యోగంలో చేరినవారి వద్దకు వానాకాలంలో ఓ తల్లి ఇలాంటి బిడ్డను ఎత్తుకొస్తే, ముందుగా చేయి వెళ్లేది సెలైన్‌ సీసా వైపే. నిజానికి ఈ బిడ్డకు సీసాతో పని లేదు. గిన్నె, చెంచా, ఓఆర్‌ఎస్‌ ప్యాకెట్టు, నాలుగు గంటల ఓపిక ఉంటే సరిపోతుంది.

రెండు గుర్తులే ఆధారం

అతిసారంలో ప్రాణం తీసేది ప్రధానంగా విరేచనం కాదు, దాంతోపాటు వెళ్లిపోయే నీరు, లవణాలు. అందువల్ల నర్సు మొదట తేల్చుకోవాల్సింది బిడ్డ ఎన్నిసార్లు విరేచనం చేసిందన్నది కాదు, ఒంట్లో నీరు ఎంత తగ్గిందన్నది. ఇందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగు గుర్తులను నిర్ణయించింది. బిడ్డ తీరు, కళ్లు, దాహం, చర్మం. చిరాకు, లోతుకు పోయిన కళ్లు, ఆత్రంగా తాగడం, చర్మం నెమ్మదిగా సర్దుకోవడం.. వీటిలో ఏ రెండున్నా కొంతమేర నిర్జలీకరణగా పరిగణించాలి. మగతగా పడి ఉండటం లేదా స్పృహ లేకపోవడం, లోతుకు పోయిన కళ్లు, తాగలేకపోవడం, చర్మం సర్దుకోవడానికి 2 సెకన్లకు పైగా పట్టడం.. వీటిలో రెండుంటే తీవ్ర నిర్జలీకరణ.

విద్యార్థులు తరచూ తడబడేది దాహం దగ్గరే. ఆత్రంగా నీళ్లు తాగే బిడ్డ కంటే నీళ్లు వద్దనే బిడ్డ ప్రమాదంలో ఉన్నట్లు. ఏడుపు ఆపి నిశ్శబ్దంగా పడుకున్న పిల్లను చూసి 'నెమ్మదించింది' అని పెద్దలు ఊరట చెందడం పల్లెల్లో మామూలే. ఆ నిశ్శబ్దమే అసలైన హెచ్చరిక. ఇక చర్మ పరీక్షను చేతిపై కాకుండా, పొట్టపై బొడ్డుకూ పక్క భాగానికీ మధ్యలో చేయాలి. బాగా చిక్కిపోయిన పిల్లల్లో చర్మం ఎప్పుడూ వదులుగానే ఉంటుంది కాబట్టి ఈ ఒక్క గుర్తునే నమ్ముకోరాదు.

చెంచా లెక్క

మొదటి ప్రశ్నలోని పాపకు కొంతమేర నిర్జలీకరణ ఉంది. ఇలాంటి వారికి కిలో బరువుకు 75 మిల్లీలీటర్ల చొప్పున ఓఆర్‌ఎస్‌ ద్రావణాన్ని 4 గంటల్లో తాగించాలి. 8 కిలోలకు 600 మిల్లీలీటర్లు. అంటే గంటకు 150. చిన్న చెంచాకు 5 మిల్లీలీటర్లు పడుతుంది. రెండు నిమిషాలకో చెంచా పోస్తే గంటకు 30 చెంచాలు, సరిగ్గా 150 మిల్లీలీటర్లు. పాఠ్యపుస్తకంలోని అంకె తల్లి చేతిలోని చెంచాగా మారేది ఇక్కడే. "600 మిల్లీలీటర్లు తాగించమ్మా" అంటే తల్లికి బోధపడదు. "రెండు నిమిషాలకో చెంచా, నాలుగు గంటలు ఆపకుండా" అంటే పడుతుంది.

బిడ్డ వాంతి చేసుకుంటే ద్రావణం పడలేదని మానేయరాదు. 10 నిమిషాలు ఆగి, మునుపటి కంటే నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి. కనురెప్పలు ఉబ్బితే ఎక్కువైనట్లు గుర్తించి ఓఆర్‌ఎస్‌ ఆపి తల్లిపాలు ఇవ్వాలి. 4 గంటలయ్యాక నాలుగు గుర్తులనూ తిరిగి పరిశీలించాలి. గుర్తులు పోతే ఇంటికి పంపవచ్చు. ఇంటివద్ద ప్రతి విరేచనం తర్వాత రెండేళ్లలోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, ఆపైబడిన పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు తాగించాలని చెప్పి పంపాలి.

సీసా తప్పనిసరైనప్పుడు

అదే పాప మగతగా ఉండి తాగలేని స్థితిలో వస్తే లెక్క మారుతుంది. కిలోకు 100 మిల్లీలీటర్ల చొప్పున రింగర్‌ లాక్టేట్‌ను నరం ద్వారా ఎక్కించాలి. ఏడాదిలోపు పిల్లలకు మొదటి గంటలో కిలోకు 30, తర్వాతి 5 గంటల్లో 70. ఏడాది దాటిన వారికి అరగంటలో 30, తర్వాతి రెండున్నర గంటల్లో 70. మన పాపకు మొదటి గంటలో 240, ఆపై 5 గంటల్లో 560 మిల్లీలీటర్లు.

ఇక్కడే చుక్కల ప్రశ్న వస్తుంది. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టు అయితే నిమిషానికి ఎన్ని చుక్కలు? మొత్తం ద్రవాన్ని చుక్కల సంఖ్యతో హెచ్చించి నిమిషాలతో భాగించాలి. 240ని 20తో హెచ్చించి 60తో భాగిస్తే 80 చుక్కలు. తర్వాతి దశలో 560ని 20తో హెచ్చించి 300తో భాగిస్తే సుమారు 37. మిల్లీలీటరుకు 60 చుక్కలు పడే పిల్లల సెట్టును ఎంచుకుంటే మొదటి గంటలో నిమిషానికి 240 చుక్కలు పడాలి. అన్ని చుక్కలను కంటితో లెక్కించడం అసాధ్యం. సెట్టు కవరుపై ముద్రించిన అంకెను చూడకుండా లెక్క వేయకూడదనేది అందుకే.

'గ్లూకోజు ఎక్కించండి' అని బంధువులు పట్టుబట్టడం, కొందరు ప్రైవేటు వైద్యులు కాదనలేక ఎక్కించడం కొత్త కాదు. 5 శాతం గ్లూకోజు సీసాలో లవణాలు ఉండవు. విరేచనాల్లో పోయిన సోడియం, పొటాషియం దానివల్ల తిరిగి రావు. నరం దొరకకపోతే, అరగంటలో పెద్దాసుపత్రికి చేరే అవకాశమూ లేకపోతే, ముక్కు గొట్టం ద్వారా ఓఆర్‌ఎస్‌ను గంటకు కిలోకు 20 మిల్లీలీటర్ల చొప్పున 6 గంటలు ఇవ్వవచ్చు. మారుమూల గిరిజన గూడేల్లో పనిచేయబోయే సిబ్బంది ఈ జవాబును మరువరాదు. తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లలకు మాత్రం ఈ కొలతలు వర్తించవు, వారి చికిత్స విధానం వేరు.

చక్కెర తోడుంటేనే ఉప్పు లోపలికి

ఉప్పునీళ్లు తాగిస్తే చాలదా, గ్లూకోజు ఎందుకు? వైవాలో పరీక్షకులు ఇష్టంగా అడిగే ప్రశ్న. విరేచనాలవుతున్నా చిన్నపేగులో ఒక ద్వారం మాత్రం చెడకుండా ఉంటుంది. ఆ ద్వారంలో సోడియం ఒంటరిగా పోలేదు, గ్లూకోజుతో జోడీ కట్టి వెళుతుంది. ఆ రెండింటి వెంట నీరు నడుస్తుంది. అందుకే రెండూ సమపాళ్లలో ఉండాలి. 2002 నుంచి అమలులో ఉన్న సూత్రం ప్రకారం లీటరు నీటిలో సోడియం క్లోరైడ్‌ 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్‌ 1.5, ట్రైసోడియం సిట్రేట్‌ 2.9 గ్రాములు ఉంటాయి. మొత్తం ఆస్మొలారిటీ 245. పాత సూత్రంలో ఇది 311గా ఉండేది.

ఈ పొడి విలువను లోకానికి చాటింది 1971 నాటి శరణార్థుల శిబిరం. బంగ్లాదేశ్‌ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో కలరా విజృంభించి సెలైన్‌ నిల్వలు నిండుకోగా, డాక్టర్‌ దిలీప్‌ మహలనబిస్‌ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన పొట్లాలు కట్టించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. 30 శాతం వరకూ ఉన్న మరణాలు ఆయన బృందం చూసిన రోగుల్లో 3.6 శాతానికి తగ్గాయి. 2022లో కన్నుమూసిన ఆయనకు 2023లో మరణానంతరం పద్మవిభూషణ్‌ ప్రకటించారు.

చక్కెర మితిమీరితే ఫలితం తారుమారవుతుంది. పేగులోకి నీరు చేరి విరేచనం పెరుగుతుంది. పండ్ల రసాల డబ్బాలపై 'ఓఆర్‌ఎస్‌' అని ముద్రించి అమ్మడాన్ని హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్‌ శివరంజని సంతోష్‌ ఏళ్ల తరబడి వ్యతిరేకించింది ఇందుకే. 2025 అక్టోబరులో జాతీయ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఆ మూడక్షరాలను వాడరాదని ఆదేశించింది. పొడిని కలిపే తీరులోనూ పొరపాట్లు తక్కువేమీ కాదు. లీటరు ప్యాకెట్టును పూటకు కాస్త చొప్పున గ్లాసులో కలపడం సర్వసాధారణం. మొత్తం పొడిని లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒకేసారి కలిపి, 24 గంటల్లో వాడి, మిగిలినది పారబోయాలి. ప్యాకెట్టు దొరకని చోట లీటరు నీటికి 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలవాలి.

'లంఖణం పరమౌషధం' అన్న మాట ఇక్కడ పనికిరాదు. తల్లిపాలు, మెత్తని అన్నం ఆపకూడదు. జింక్‌ను 6 నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 2 నుంచి 6 నెలల వారికి 10 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు ఇవ్వాలి. విరేచనం కట్టగానే మాత్ర మానేస్తుంటారు. తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్లీ అతిసారం రాకుండా కాచేది ఆ మిగిలిన మాత్రలేనని తల్లులకు నచ్చజెప్పాలి.

ఒక ఇంటి నుంచి వీధికి

ఒకే వీధిలో రెండో కేసు కనిపించిన క్షణం నుంచి అది రోగి సంరక్షణ ప్రశ్న కాదు, ప్రజారోగ్య ప్రశ్న. హైదరాబాద్‌ భోలక్‌పూర్‌లో 2009 మేలో, విజయనగరం జిల్లా గుర్లలో 2024 అక్టోబరులో వాంతులు, విరేచనాలు ప్రబలి పలువురు మరణించారు. కుళాయికి నీరు సరిగా ఎక్కడం లేదని వీధుల్లో గుంతలు తవ్వి పట్టుకునే అలవాటు మన పట్టణాల్లోనూ పల్లెల్లోనూ ఉంది. పైపు లీకైన చోట మురుగు చేరడానికి ఆ గుంత చాలు. క్షేత్రసిబ్బంది పేరు, వయసు, వీధి, లక్షణాలు మొదలైన తేదీ, తాగిన నీటి వనరు రాసుకుంటూ జాబితా కడితే మూలం చాలావరకు దానంతటదే బయటపడుతుంది. 2004లో మొదలైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్త లక్షణాల ఆధారంగా నింపేది 'ఎస్‌' పత్రం, వైద్యుడిది 'పి', ప్రయోగశాలది 'ఎల్‌'. మూడింటి తేడా పరీక్షల్లో పదేపదే అడుగుతారు.

బావి నీటి శుద్ధి లెక్క మరొకటి. బావి వ్యాసం 3 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు అయితే 3.14ను వ్యాసం వర్గంతో, లోతుతో హెచ్చించి 4తో భాగించాలి. 28.26 ఘనపు మీటర్లు, అంటే 28,260 లీటర్లు. నాణ్యమైన బ్లీచింగ్‌ పౌడరు వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు అవసరం కాబట్టి దాదాపు 71 గ్రాములు. నీరు మురికిగా ఉంటే ఇది చాలదు. హారాక్స్‌ పరీక్షతో అసలు అవసరాన్ని తేల్చాలి. పొడిని నేరుగా బావిలో చల్లడం చాలాచోట్ల కనిపించే తప్పు. బకెట్లో ముద్దగా కలిపి, నీరు పోసి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే బావిలో కలపాలి. రోజువారీ తోడకం ముగిసిన రాత్రి వేళ ఇందుకు అనువైనది. కనీసం గంట గడిచాకే నీరు తోడాలి.

క్లోరిన్‌ వేయకముందే పరీక్షకు నీటి నమూనా తీయాలి. వేశాక తీస్తే క్రిములు చచ్చి, మూలం ఏదో తేలకుండా పోతుంది. ఇప్పటికే క్లోరిన్‌ ఉన్న కుళాయి నీరైతే సోడియం థయోసల్ఫేట్‌ వేసిన శుభ్రమైన సీసాలో పట్టాలి. శుద్ధి చేసిన బావిలో గంట తర్వాత లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్‌ మిగలాలి, వీధి చివరి కుళాయిలో కనీసం 0.2 ఉండాలి. ట్యాంకు దగ్గర కొలిచి నమోదు చేసిన అంకెతో ప్రయోజనం లేదు. కొలవాల్సింది ఆ చివరి కుళాయి దగ్గరే.