పావగడ సీమ పశుసంపద: జాతియు మేతబీడును

పావగడ తాలూకా కర్ణాటకములోని తుమకూరు జిల్లాకు చెందినదైనను, దానికి మూడు ప్రక్కల ఆంధ్రప్రదేశ్ ఎల్లలు కలవు. ఇచ్చటి పల్లెలలో తెలుగు విస్తారముగా వినవచ్చును. వాన తక్కువ, నేల మెట్ట. ఇట్టి సీమలో ఏ పశుజాతి నిలుచునను ప్రశ్నకు మైసూరు రాజ్య చరిత్రము కొంత సమాధానము చెప్పును.

చిక్కదేవరాజ ఒడయరు (1673–1704) కాలమున రాజుగారి ఆలమందలకై ‘బెణ్ణె చావడి’, అనగా వెన్న చావడి, యను శాఖ ఏర్పడెను. టిప్పు సుల్తాను దానికి అమృతమహలని పేరు మార్చెను. హళ్లికారు, హాగలవాడి, చిత్రదుర్గము పశువులు ఆ మందలకు మూలము. వీనిలో హాగలవాడి తుమకూరు జిల్లాలోనిదే. ఆవులవలన రాజభవనమునకు పాలు, వెన్న లభించెను. ఎద్దులు సైన్యపు బరువులు లాగెను. మందలకు ‘కావలు’ అను పేర మేతబీళ్లు ప్రత్యేకింపబడెను. ఋతువును బట్టి మందలు ఒక బీటినుండి మరియొక బీటికి తరలుచుండెను. 1860లో ఆంగ్లేయ ప్రభుత్వము వ్యయభారమని మందలను విక్రయించెను. మేలైన ఎద్దులు కరవగుటచే 1866లో వానిని మరల నెలకొల్పవలసివచ్చెను.

అంతవరకును పశువు విలువ ముఖ్యముగా కాడికి పూనుటలో ఉండెను. పాలకొరకు జాతిని మార్చు యత్నమునకు కూడ మైసూరే వేదిక యయ్యెను. 1939లో రాజభవనపు పాడిక్షేత్రమున సంపత్ కుమారన్ హళ్లికారు ఆవులకు హోల్‌స్టీన్ ఫ్రీసియన్ వీర్యముతో కృత్రిమ గర్భధారణ జరిపెను. 33 ఆవులు చూలుకట్టెను. భారతదేశమున ఇట్టి యత్నములలో ఇదియే మొదటిదందురు. 1974లో ఏర్పడిన కర్ణాటక పాడి అభివృద్ధి సంస్థ 1984లో పాల సమాఖ్య యయ్యెను. సహకార సంఘములు వ్యాపించిన కొలది పాలు రైతునకు నిత్యపు రొక్కమయ్యెను. సంకరజాతి ఆవులు పెరిగెను.

సంకరజాతి ఆవు హెచ్చుగా పాలిచ్చుట నిజము. కాని దానికి పచ్చిమేత, దాణా, నీడ, సమృద్ధిగా నీరు అనుదినము కావలయును. హళ్లికారు ఆవు పాలు కొలదియే. అయినను అది చొప్పను, వేరుసెనగ కట్టెను మేసి ఎండకు తాళగలదు. బోరుబావి ఎండిన యేడు, అప్పుచేసి కొన్న ఆవును అయినకాడికి అమ్ముకొనవలసినవాడు మెట్టరైతే.

2018లో తిరుమణి మొదలగు ఐదు గ్రామముల పరిధిలో, సుమారు 13,000 ఎకరముల కౌలుభూమిలో సౌరవిద్యుత్ క్షేత్రము ప్రారంభమయ్యెను. పంట నమ్మరాని నేలకు కౌలు ఆసరా యయ్యెను. కాని సేద్యము మానినచోట చొప్ప లేదు. కంచె వేసినచోట మేపు లేదు. భూమిగలవానికి కౌలు ముట్టును. భూమిలేని పశువులకాపరికి అదియును లేదు.

కావున ఈ సీమలో జాతి మార్పుకంటె ముందు గ్రాసపు లెక్క చూడవలయును. నీరుగలచోట ఆ నీటికి తగినన్ని సంకరజాతి ఆవులుండవచ్చును. తక్కిన గ్రామములకు మంచి హళ్లికారు ఆబోతును, ఉమ్మడి మేతబీడును అవసరము. బీడు లేక మంద నిలువదని వెన్న చావడి వారెరిగినదే.