రిఫరల్ చీటీ పుట్టుపూర్వోత్తరాలు

మన సంఘం సమావేశాల్లో వైద్య బిల్లుల ప్రస్తావన రాని రోజు లేదు. ఆ గొడవల్లో చాలా భాగం రిఫరల్ చీటీ దగ్గరే మొదలవుతుంది. స్పెషలిస్టు చూశారు, మందులు రాశారు, డబ్బు కట్టాం, కానీ ఆయన దగ్గరకు మిమ్మల్ని పంపింది ఎవరు అని ఆఫీసు అడుగుతుంది. ఈ ప్రశ్న ఎప్పటిది, ఎందుకు పుట్టింది అనేది రాయడానికి నాకు కొంత అర్హత ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో బిల్లుల సెక్షన్లో కూర్చుని చాలా ఏళ్లు ఆ ప్రశ్న అడిగినవాణ్ణి నేనే.

స్వాతంత్ర్యానికి మూడేళ్ల ముందు, 1944లో, సెంట్రల్ సర్వీసెస్ మెడికల్ అటెండెన్స్ రూల్స్ వచ్చాయి. వాటి ప్రకారం ఉద్యోగిని ముందుగా చూడవలసింది ఆథరైజ్డ్ మెడికల్ అటెండెంట్. సెక్షన్లో అందరం ఎ.ఎం.ఎ. గారు అనేవాళ్లం. కేసు తీవ్రమైనదనో, ప్రత్యేకమైనదనో ఆయనకు తోస్తే రోగిని స్పెషలిస్టు దగ్గరకు పంపవచ్చునని నాలుగో రూలు చెబుతుంది. రోగి కదలలేని స్థితిలో ఉంటే స్పెషలిస్టునే పిలిపించవచ్చు. దీనికి రాష్ట్ర వైద్యశాఖ పెద్ద అధికారి ఆమోదం ముందుగా ఉండాలి. అలా పంపినట్టు ఎ.ఎం.ఎ. గారు రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇస్తే, ఆ రోగికి ప్రయాణ భత్యం కూడా వస్తుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ రూలులో సర్టిఫికెట్ అనే కాగితం కనిపించేది రోగికి దారి ఖర్చులు ఇప్పించే చోట. అంటే అది మనిషికి హక్కు కల్పించే కాగితం. జిల్లా ఆసుపత్రిలో గుండె డాక్టరు, నరాల డాక్టరు దొరకని కాలంలో మారుమూల ఉద్యోగి పెద్ద ఊరికి వెళ్లి చూపించుకోవడానికి అదే ఆధారం. అది అడ్డుగోడగా మారింది మా బల్లల మీదే. ఆడిట్ వారు వస్తే వారికి చూపించవలసింది కాగితమే కదా! అందుకని స్పెషలిస్టు బిల్లు రాగానే మేము మొదట తేదీలు చూసేవాళ్లం. రిఫరల్ తేదీ ముందు, వైద్యం తేదీ తరువాత ఉందా? లేకపోతే అబ్జెక్షన్ రాసి వెనక్కు పంపడమే. జబ్బేమిటో చదివే ఓపిక కూడా ఉండేది కాదు.

1983లో మా ఆఫీసు అటెండరు ఒకాయన భార్య వైద్యం బిల్లు నా దగ్గరకు వచ్చింది. రాత్రి పొద్దుపోయాక ఆమెకు కడుపులో నొప్పి ముదిరితే, ఎ.ఎం.ఎ. గారు ఇంటికి వచ్చి చూసి, తెల్లవారేదాకా ఆగవద్దు, విశాఖపట్నం తీసుకెళ్లండి అని నోటిమాటగా చెప్పారట. ఉత్తరం రెండు రోజుల తరువాత రాసిచ్చారు. ముందస్తు ఆమోదం లేదు, రిఫరల్ తేదీ ఆపరేషన్ తరువాతది అని నేను అబ్జెక్షన్ రాశాను. సూపరింటెండెంటు గారు సంతకం పెట్టేశారు. ఆ అటెండరు నన్నేమీ అనలేదు. "మీరు చూసి పెట్టారు కదండీ, అలాగే కానివ్వండి" అని కాగితాలు తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ బిల్లు పెట్టలేదు.

కొన్నేళ్లకు మరో కేసు కోసం అదే నాలుగో రూలు పూర్తిగా చదివాను. ఆమోదం ముందుగా తీసుకోవాలి అన్న మాట పక్కనే, ఆలస్యమైతే రోగి ఆరోగ్యానికి ప్రమాదం లేనప్పుడు మాత్రమే అనే అర్థం వచ్చే మినహాయింపు ఉంది. 1944 నుంచీ ఉంది. నేను చదవలేదు. అప్పటికి ఆయన రిటైరై ఊరికి వెళ్లిపోయాడు.

తక్కిన చరిత్ర చాలామందికి తెలిసిందే. 1954లో ఢిల్లీలో సి.జి.హెచ్.ఎస్. మొదలైంది. బొంబాయికి 1963లో, మన హైదరాబాదుకు 1976లో వచ్చింది. ఎ.ఎం.ఎ. స్థానంలో డిస్పెన్సరీ డాక్టరు వచ్చారు. ఇప్పుడు దాన్ని వెల్‌నెస్ సెంటర్ అంటున్నారు. మన రాష్ట్ర ఉద్యోగ మిత్రులకు 1972 నాటి ఇంటిగ్రేటెడ్ మెడికల్ అటెండెన్స్ రూల్స్ ఉన్నాయి. వారి కష్టాలు వారివి. దాని జోలికి వెళితే ఈ సంచిక చాలదు.

కాగితం కంటే ప్రాణం ముందని కోర్టులు చెప్పవలసి వచ్చింది. పంజాబు పోలీసు అధికారి సుర్జీత్ సింగ్ 1987లో కొడుకును చూడడానికి ఇంగ్లండు వెళ్లి, అక్కడ గుండె జబ్బుతో పడిపోయి, లండన్‌లో బైపాస్ చేయించుకున్నారు. మెడికల్ బోర్డు అనుమతి లేదు. ప్రాణం మీదికి వచ్చిన మనిషి బోర్డు ముందు వరసలో నిలబడనక్కర లేదనే భావంతో సుప్రీంకోర్టు 1996లో ఢిల్లీ ఎస్కార్ట్స్ ఆసుపత్రి రేట్ల ప్రకారం చెల్లించమన్నది. 2018లో శివకాంత్ ఝా అనే కేంద్ర పింఛనుదారు కేసులో, ఆసుపత్రి పేరు జాబితాలో లేదన్న ఒక్క కారణంతో బిల్లు కాదనరాదనీ, వైద్యం నిజంగా జరిగిందా అన్నదే చూడాలనీ తీర్పు వచ్చింది.

2024లో సి.జి.హెచ్.ఎస్. కూడా కొంత దిగివచ్చింది. రిఫరల్ లేకుండా జాబితాలోని ఆసుపత్రుల స్పెషలిస్టులను నేరుగా చూపించుకునే వయస్సును 75 నుంచి 70కి తగ్గించారు. అంతకంటే చిన్నవారికి రిఫరల్ చీటీ మూడు నెలలు చెల్లుతుంది. దానిమీద ముగ్గురు స్పెషలిస్టుల వరకు, మొత్తం ఆరుసార్లు చూపించుకోవచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది. వయస్సు రోగిది చూస్తారు, పింఛనుదారుది కాదు. నాకు చీటీ అక్కరలేదు, మా ఇంటావిడకు కావాలి. ఈ తేడా తెలియక ఇబ్బంది పడ్డ దంపతులను నేనెరుగుదును.

చీటీ తీసుకున్నప్పుడు రోగి పేరు, జబ్బు, ఏ స్పెషలిస్టుకు పంపుతున్నారో, తేదీ, సంతకం, ముద్ర అక్కడే నిలబడి చూసుకోండి. అర్ధరాత్రి కేసయితే ఆసుపత్రివారి చేత అత్యవసరమని సర్టిఫికెట్ రాయించుకోండి. జిరాక్సు తీయకుండా అసలు కాగితం చేయి దాటనివ్వకండి. మంగళ, శుక్రవారాల్లో ఉదయం పది నుంచి నేను సంఘం ఆఫీసులో ఉంటాను. బిల్లులు తెస్తే తేదీలు సరిచూసి పెడతాను. ఈసారి రూలు చివరిదాకా చదువుతాను.