రెండో పిల్ల బతకాలంటే

1990ల తొలి ఏళ్లు. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ కొట్టం. దక్కనీ గొర్రెల పక్కన కొత్తగా వచ్చిన పొట్టేళ్లు నిలబడ్డాయి. సుందర్బన్ చిత్తడి నేలల నుంచి తెచ్చిన గరోల్ జాతి. పూర్తిగా ఎదిగినవే అయినా దక్కనీ తల్లుల పక్కన పిల్లల్లా కనిపించేంత పొట్టివి. కానీ ఆ జాతి ఆడవి ఈతకు రెండు, మూడు పిల్లల్ని వేస్తాయి. దక్కనీ వేసేది మామూలుగా ఒక్కటే.

ఈ గుణం అప్పటికే సముద్రం దాటింది. 1792, 1793లో కలకత్తా ఓడల్లో సిడ్నీ చేరిన బెంగాల్ గొర్రెల నుంచే ఆస్ట్రేలియా బూరూలా మెరినో గొర్రెలకు ఇది వచ్చిందని పరిశోధకుల అంచనా. దీనికి కారణమైన జన్యు మార్పును 2001లో పట్టుకున్నారు. అంతవరకూ ఒక పొట్టేలు ఆ గుణాన్ని మోస్తోందో లేదో తేలాలంటే దాని కూతుళ్లు ఈనే దాకా ఆగాల్సిందే. ఆ తర్వాత పుట్టిన పిల్ల నెత్తుటి చుక్క చాలింది. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల ఆ పరీక్ష చేసిపెట్టింది. ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థ ఏసియార్ ఈ పనికి డబ్బు పెట్టింది. చందా నింబ్‌కర్ ఆస్ట్రేలియాలోని న్యూ ఇంగ్లండ్ విశ్వవిద్యాలయంలో దీనిమీదే పీహెచ్‌డీ చేశారు. గరోల్ గుణం, దక్కనీ ఒళ్లు కలిసిన 'నారి సువర్ణ' అలా పుట్టింది.

2019 పశుగణన ప్రకారం దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. మరి ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో గడిపే అనంతపురంలో రెండో పిల్ల బతుకుతుందా అన్న ప్రశ్న ఎవరు అడగాలి? ఇక్కడ జత పిల్లలు పుడితే కాపరి ముందు చూసేది తల్లి పొదుగు. ఎండాకాలం బీట్లో పచ్చిక ఉండదు, వేరుశనగ కట్టె కొనాలి. పాలు చాలకపోతే రెండో పిల్ల దక్కదు. ఏ తల్లి రెండింటినీ సాకగలదు, చూలు చివరి నెలల్లో ఎంత దాణా పెడితే సాకగలదు అన్నది ఈ నేలమీదే తేలాలి.

దానికి కాలం కావాలి. చూలు అయిదు నెలలు. పుట్టిన ఆడపిల్ల తల్లి కావడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు. దాని పిల్లలు పాలు మానడానికి ఇంకో మూడు నెలలు. ఒక్క తరం చూసేసరికి మూడేళ్లు దగ్గర పడతాయి, మూడేళ్ల ఫెలోషిప్ అక్కడితో సరి. నడుమ ఒక కరువు ఏడాది పడిందంటే లెక్కలన్నీ మళ్లీ మొదలు. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంలో చదివే కాపరి బిడ్డ ఎవరైనా ఈ పనికి పూనుకుంటే అయిదేళ్ల ఫెలోషిప్ ఇవ్వాలి. మేత ఖర్చు విడిగా ఇవ్వాలి. ప్రయోగంలో పిల్ల చస్తే, మంద ఇచ్చిన కాపరికి దాని ధర కట్టాలి.