పోషణ నుంచి పని వరకు: కండరతంతువుల విద్యుద్ధర్మాలపై నాడి ప్రభావం – ఒక భావన చరిత్ర

వ్యాససంగ్రహం:

నాడి తెగినప్పుడు కండరం కదలికను కోల్పోవడమే కాదు, దాని తంతువుల విద్యుత్ స్వభావం కూడా మారిపోతుంది. నాడి అందించే పోషకపదార్థం లేకపోవడమే దీనికి కారణమా, లేక నాడి చేయించే పని ఆగిపోవడమా అనే చర్చ ఇరవయ్యో శతాబ్దపు శరీరధర్మశాస్త్రంలో దీర్ఘకాలం సాగింది. ‘పోషణ’ అనే మాట ఆ చర్చను ఎలా నడిపించిందో, 1972 నాటి ప్రయోగం దానిని ఎలా మలుపు తిప్పిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నాడి, కండరతంతువు, పోషణ, ఎసిటైల్‌కోలిన్, విద్యుద్ధర్మాలు

1. ఉపోద్ఘాతం:

ఇటలీలోని బొలోన్యాకు చెందిన లుయీజీ గాల్వానీ కప్పకాళ్లపై తాను చేసిన ప్రయోగాలను 1791లో ప్రకటించాడు. నాడికీ కండరానికీ మధ్య ఉన్న సంబంధం విద్యుత్తుతో ముడిపడినదన్న ఆలోచన ఆనాటి నుంచి బలపడింది. ఈ దృష్టిలో నాడి ఒక వార్తాహరుడు. అది ఆజ్ఞ తెస్తుంది, కండరం పాటిస్తుంది. వార్త రాకపోతే కండరం ఊరకుండాలి. అయితే నాడి తెగిన కండరం ఊరకుండదు. అది సన్నగిల్లుతుంది, వణుకుతుంది, లోపలి నుంచే మారిపోతుంది. నాడి వార్త తేవడంతో పాటు మరేదో చేస్తున్నదన్న అనుమానానికి ఈ పరిశీలనలే మూలం.

2. పోషణ అనే ఊహ:

నాలుకకు వెళ్లే నాడిని కోసిన తరువాత కండరతంతువుల్లో తమంతట తామే పుట్టే సన్నని కంపనాలను మారిట్జ్ షిఫ్ 1851లో వర్ణించాడు. 1860లో సైమన్ సామ్యూల్ పోషకనాడుల గురించి ఒక గ్రంథమే రాశాడు. కణజాలాల పోషణను నియంత్రించే ప్రత్యేక నాడులు ఉన్నాయన్నది ఆయన ప్రతిపాదన. అటువంటి ప్రత్యేక నాడులు ఉన్నట్లు రుజువు కాలేదు గాని, ‘పోషణ’ అనే అర్థమున్న గ్రీకు ధాతువు నుంచి వచ్చిన ‘ట్రోఫిక్’ అనే విశేషణం మాత్రం శాస్త్రపరిభాషలో స్థిరపడింది.

ఇక్కడ పదచరిత్ర గమనార్హం. కండరక్షీణతకు వైద్యులు వాడే ‘అట్రోఫీ’ అనే మాట కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. ‘పోషణ లేకపోవడం’ అని దాని మూలార్థం. తెలుగులో ‘కండ కరిగిపోయింది’ అంటే కనబడిన మార్పు మాత్రమే తెలుస్తుంది, కారణం తెలియదు. గ్రీకు పదంలో వర్ణనతో పాటు కారణం కూడా దాగి ఉంది. క్షీణించినది పోషణ లేనిది అయితే, పోషించే పదార్థమేదో ఉండి తీరాలి. ఆ పదార్థం కోసం సాగిన అన్వేషణకు ప్రయోగఫలితాలతో పాటు ఈ పేరు కూడా ప్రేరణ అయిందని చెప్పవచ్చు.

3. తంతువు లోపలి కొలతలు:

కండరానికి నాడి ఇచ్చే సంకేతం ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనమని హెన్రీ డేల్, విల్‌హెల్మ్ ఫెల్డ్‌బర్గ్, మార్తే ఫోగ్ట్ 1936లో చూపారు. 1949లో గిల్బర్ట్ లింగ్, రాల్ఫ్ జెరార్డ్ అతి సన్నని గాజు ఎలక్ట్రోడుతో కప్ప కండరతంతువు లోపలి విద్యుత్తును కొలిచారు. దీనితో ఒక్కొక్క తంతువు స్థితిని విడిగా తెలుసుకునే మార్గం ఏర్పడింది.

ఈ సాధనంతో పరిశీలించగా, నాడి కోల్పోయిన తంతువులో ప్రధానంగా నాలుగు మార్పులు బయటపడ్డాయి. మొదటిది, విశ్రాంతి స్థితిలో త్వచానికి ఇరుపక్కలా ఉండే విద్యుద్భేదం సుమారు 15 నుంచి 20 మిల్లీవోల్టుల మేర తగ్గుతుంది. రెండవది, త్వచం విద్యుత్ నిరోధం పెరుగుతుంది. మూడవది, సాధారణంగా నాడీకండర సంధి వద్దనే ఉండే ఎసిటైల్‌కోలిన్ స్పందన తంతువు పొడవునా వ్యాపిస్తుంది. స్వీడన్‌లోని లుండ్‌లో పనిచేసిన యొహాన్ ఆక్సెల్‌సన్, స్టీఫన్ థెస్లెఫ్ 1959లో పిల్లి కండరంపై దీనిని స్పష్టంగా నిరూపించారు. నాలుగవది, బొంకచేప విషమైన టెట్రోడోటాక్సిన్ సాధారణ తంతువులోని విద్యుత్ తరంగాన్ని ఆపివేస్తుంది. నాడి తెగిన తంతువులో ఆ విషం ఉన్నా తరంగం సాగుతుంది. రెడ్‌ఫెర్న్, థెస్లెఫ్ దీనిని 1971లో ప్రచురించారు.

ఈ లక్షణాల్లో పలుమార్పులు పిండదశలోని కండరాన్ని పోలి ఉండడం విశేషం. నాడి తెగిన తంతువు ఒక విధంగా తన బాల్యానికి తిరిగి వెళుతుంది.

4. పదార్థవాదం:

పోషకపదార్థాన్ని సమర్థించినవారికి బలమైన ఆధారాలే ఉండేవి. నాడిని కండరానికి దగ్గరగా కోస్తే మార్పులు త్వరగా, దూరంగా కోస్తే ఆలస్యంగా వస్తాయని హోవాకిన్ లూకో, కార్లోస్ ఐజాగిర్రే 1955లో తెలిపారు. రెండు సందర్భాల్లోనూ నాడీసంకేతాలు కోసిన క్షణానే ఆగిపోతాయి. అయినా మార్పు రావడంలో తేడా ఉందంటే, మిగిలిన నాడిముక్కలోని సరుకు అయిపోయేదాకా కండరం నిలదొక్కుకుంటున్నదని భావించడం సహజం.

1960లో ఆర్థర్ బుల్లర్, జాన్ ఎకిల్స్, రోసమండ్ ఎకిల్స్ పిల్లుల్లో వేగకండరపు నాడిని మందకండరానికి, మందకండరపు నాడిని వేగకండరానికి మార్చి అతికారు. మందకండరం వేగవంతమైంది, వేగకండరం మందగించింది. ఇది విద్యుద్ధర్మానికి కాక సంకోచవేగానికి సంబంధించినదే అయినా, కండర స్వభావాన్ని నాడి నిర్ణయిస్తుందనడానికి ప్రసిద్ధ నిదర్శనంగా నిలిచింది. నాడి గుండా ఏదో పదార్థం కండరంలోకి చేరుతుండవచ్చని పరిశోధకులు ఊహించారు. అయితే నాడితో పాటు అది మోసే సంకేతాల లయ కూడా మారిందన్న సంగతిని తరువాతి పరిశోధకులు గుర్తించారు. 1969లో స్టాన్లీ సాల్మన్స్, గెర్టా వర్బోవా వేగకండరపు నాడిని మార్చకుండా, దీర్ఘకాలం మందలయలో ప్రేరేపించి ఆ కండరాన్ని మందగింపజేశారు.

5. 1972 నాటి మలుపు:

టెర్యె లోమో, జీన్ రోసెంతాల్ 1972లో ఈ సమస్యను రెండు వైపుల నుంచి పరీక్షించారు. మొదట ఎలుక కాలినాడిని కోయకుండానే, దాని చుట్టూ మత్తుమందు నింపిన పట్టీని అమర్చి సంకేతాలను ఆపారు. నాడి కండరాన్ని అంటుకొనే ఉంది. అయినా ఎసిటైల్‌కోలిన్ స్పందన సంధిని దాటి వ్యాపించింది. తరువాత నాడిని పూర్తిగా కోసి, కండరానికే నేరుగా విద్యుత్ ప్రేరణ ఇచ్చారు. వ్యాపించిన స్పందన తిరిగి సంధి ప్రాంతానికి కుదించుకుపోయింది.

రెండవ ఫలితానికే ఎక్కువ ప్రాముఖ్యం ఉంది. అక్కడ పోషించడానికి నాడి లేదు. ఉన్నది పని మాత్రమే. ఆ పనితోనే తంతువు త్వచం తన పూర్వస్థితిని చేరుకుంది. నాడి కండరానికి ఇచ్చేది ఆహారమన్న రూపకం ఇక్కడ బలహీనపడి, అభ్యాసమన్న భావన ముందుకు వచ్చింది.

6. సమన్వయం:

చర్చ అంతటితో ముగియలేదు. మత్తుమందు నాడిలోని పదార్థరవాణాను కూడా అడ్డుకొని ఉండవచ్చన్న ఆక్షేపణ వచ్చింది. క్షీణిస్తున్న నాడిముక్క నుంచి వెలువడే పదార్థాలే మార్పును ప్రేరేపిస్తాయన్న వాదం కూడా వినిపించింది. నాడిముక్క పొడవు ప్రభావాన్ని వివరించడంలో ఈ రెండవ వాదం ఉపకరించింది.

తరువాతి అణుజీవశాస్త్రం రెండు పక్షాలకూ చోటు చూపింది. నాడి కొసల నుంచి వెలువడే ఆగ్రిన్ అనే ప్రోటీను గ్రాహకాలను సంధి వద్ద కూర్చుతుందని యు. జె. మెక్‌మహన్ పరిశోధన సూచించింది. తంతువులోని మిగిలిన భాగంలో గ్రాహకాల ఉత్పత్తిని అణచి ఉంచేది ప్రధానంగా విద్యుత్ క్రియ. అంటే ‘ఇక్కడ ఉండాలి’ అని చెప్పేది పదార్థం, ‘మరెక్కడా ఉండకూడదు’ అని చెప్పేది పని.

7. ముగింపు:

ఈ చర్చ ప్రయోగశాలకే పరిమితమైనది కాదు. నాడి దెబ్బతిన్న కొద్ది వారాల్లో కండరంలో గుచ్చిన సూది ఎలక్ట్రోడు నమోదు చేసే కంపనాలు, షిఫ్ వర్ణించినవాటికి విద్యుద్రూపాలు. వాటి ఆధారంగానే వైద్యులు నాడీనష్టాన్ని గుర్తిస్తారు. శస్త్రచికిత్సలో కండరాలను సడలించడానికి వాడే సక్సినైల్‌కోలిన్, నాడి కోల్పోయిన లేదా దీర్ఘకాలం కదలకుండా మంచాన పడిన రోగుల్లో ప్రమాదకరం. గ్రాహకాలు తంతువంతా వ్యాపించి ఉండడం వల్ల పొటాషియం ఒక్కసారిగా రక్తంలోకి చేరి గుండె ఆగిపోవచ్చు. నాడి చెక్కుచెదరకున్నా పని లేకపోవడమే ఈ ముప్పు తేగలదన్న విషయం 1972 నాటి ఫలితాన్ని గుర్తుచేస్తుంది.

ఒక శాస్త్రపదం తనలో దాచుకున్న కారణకల్పన పరిశోధనకు దారి చూపగలదు, దానిని ఒకే దిశకు కట్టివేయనూగలదు. ‘పోషణ’ అనే మాట ఈ రెండు పనులూ చేసింది. తెలుగులో వైజ్ఞానిక పదాలను నిర్మించేవారు మూలపదంలోని అర్థంతో పాటు, అందులో నిక్షిప్తమైన సిద్ధాంతాన్ని కూడా పరీక్షించవలసిన అవసరాన్ని ఈ చరిత్ర స్పష్టం చేస్తుంది.